సగం సంఖ్య సగం వెలుగు కాదు

కలకత్తాలో దూరదర్శన్ ప్రసారాలు 1975 ఆగస్టు 9న మొదలయ్యాయి. ఆనాటి టీవీ పెట్టెలో బొమ్మ చూపేది పిక్చర్ ట్యూబ్. దానికొక వింత స్వభావం ఉండేది. సంకేతపు వోల్టేజిని సగానికి తగ్గిస్తే తెరమీద వెలుగు సగం కాదు, దాదాపు అయిదో వంతుకు పడిపోయేది. 0.5ను 2.2 ఘాతానికి హెచ్చించి చూడండి, 0.22 వస్తుంది. ఆ ఘాతాంకం పేరే గామా. ప్రతి ఇంటి పెట్టెలోనూ దీన్ని సరిదిద్దడం ఖర్చు కదా! అందుకే కెమెరా దగ్గరే సంకేతానికి ఎదురు వంపు ఇచ్చి పంపేవారు.

పిక్చర్ ట్యూబులు పోయాయి గాని ఈ వంపు పోలేదు. కారణం మన కన్ను. చీకటిలో చిన్న తేడాను కూడా పట్టే కన్ను, అంతే తేడాను మంచి వెలుతురులో గుర్తించలేదు. కంప్యూటర్ బొమ్మలో ఒక్కో రంగుకు సాధారణంగా ఉండేవి 0 నుంచి 255 వరకు 256 మెట్లే. వాటిని వెలుగు ప్రకారం సమానంగా పంచితే నీడల్లో చారలు కనబడతాయి. గామా వంపు ఎక్కువ మెట్లను నీడలకు కేటాయిస్తుంది.

నీడల విలువ తెలియాలంటే సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) చూడండి. కాశీలోని ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా పైన తెల్లగుడ్డ కట్టించి, కింది నుంచి దీపాల వెలుగును దానిమీదికి కొట్టించాడు. తిరిగి పడిన మెత్తని వెలుగు ఆకాశపు వెలుతురులాగే ఉంటుంది. అలాంటి దృశ్యానికి ప్రాణం బూడిదరంగు ఛాయలే. తెర గామా మారితే ముందు చెడేవీ అవే. 2009 వరకు మెకింటోష్ కంప్యూటర్లు మామూలుగా 1.8 గామాతో వచ్చేవి. 128 అనే సంఖ్య వాటిమీద 29 శాతం వెలుగిస్తే, 2.2 తెరమీద 22 శాతమే ఇచ్చేది.

ఈ తగాదా తీర్చేదే ప్రొఫైల్. అది బొమ్మతోపాటు వెళ్లే చీటీ వంటిది. ఈ సంఖ్యలకు అర్థం ఇదీ అని సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ అందరికీ తెలిసిన చీటీ. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: 'అసైన్' అంటే చీటీ మాత్రమే మారుతుంది, బొమ్మ రూపు మారిపోతుంది. 'కన్వర్ట్' అంటే సంఖ్యలు మారతాయి, రూపు వీలైనంత వరకు నిలుస్తుంది.

ఇక మీరే పరీక్షించండి. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు అడ్డగీతలతో చదరం గీసి, పక్కన 128, 186 విలువల బూడిదరంగు చదరాలు పెట్టండి. నూరు శాతం సైజులోనే ఉంచి దూరం నుంచి చూడండి. గీతల చదరం 186తో కలిసిపోతుంది, 128తో కాదు. ఇప్పుడు ఆ గీతల బొమ్మను సగానికి కుదించండి. నల్లబడిందంటే మీ సాఫ్ట్‌వేర్ వెలుగులను కాక సంఖ్యలను సగటు చేసిందన్నమాట. అందులో 'లీనియర్' పద్ధతి ఉందేమో వెతికి, మళ్లీ కుదించి చూడండి.