దూరవైద్యంలో దీర్ఘరోగుల రహస్యాలు: చట్టం చూడని చోటు

బీపీ, షుగరు, టీబీ, మూర్ఛ, హెచ్‌ఐవీ ఒకటి రెండు మాత్రలతో పోయే జబ్బులు కావు. నెలల తరబడి, కొన్నిటికైతే జీవితాంతం మందు మింగాలి. అందువల్ల ఈ రోగుల వివరాలు కూడా ఏళ్ల తరబడి పోగవుతుంటాయి. జ్వరమొచ్చి ఆస్పత్రికి పోయినవాడి చీటీ నాలుగు రోజుల్లో చిత్తుకాగితమైపోతుంది. దీర్ఘరోగి చరిత్ర అలా పోదు. అది రిజిస్టరులోంచి ట్యాబులోకి, ట్యాబులోంచి ఎక్కడో ఉన్న కంప్యూటరులోకి చేరుతోంది. దాన్ని ఎవరు చూస్తున్నారు, బయటపడితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి ఈ వ్యాసంలో మేము పరిశీలిస్తున్న ప్రశ్నలు.

ఇది కంప్యూటరు నిపుణుల గొడవ, దళితులకేం సంబంధం అనుకోడానికి వీల్లేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే దళిత స్త్రీని తీసుకుందాం. వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అయినా దళితులు వండితే మా పిల్లలు తినరనే మాట దేశంలో ఆగలేదు. ఆ మాట పైకి అంటే నేరమవుతుంది. అదే ఆమెకు టీబీ ఉందనో, హెచ్‌ఐవీ ఉందనో తెలిస్తే చాలు, కులం పేరెత్తకుండానే పని మాన్పించొచ్చు. అంటరానితనం అప్పుడు ఆరోగ్యజాగ్రత్త వేషం వేసుకుంటుంది. కూలికి పిలిచే రైతు దగ్గరా, ఇల్లు అద్దెకిచ్చే యజమాని దగ్గరా ఇదే జరగొచ్చు. కాబట్టి రోగరహస్యం దళితులకు మర్యాద సమస్యే కాదు, కూటి సమస్య కూడా.

పని ఎలా జరుగుతోంది

ముప్ఫయ్యేళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి ఒక ఫారం నింపుతుంది. పొగాకు, మద్యం అలవాట్లు, నడుం కొలత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అని అడుగుతుంది. టీబీ, కుష్ఠు లక్షణాల గురించి కూడా అందులో ప్రశ్నలుంటాయి. ఆ వివరాలు జాతీయ పోర్టల్‌కు ఎక్కుతాయి. పద్నాలుగంకెల ఆభా నంబరు తీసుకుంటే వేర్వేరు ఆస్పత్రుల రికార్డులను దానికి కలుపుకోవచ్చు. ఆ నంబరు తప్పనిసరి కాదు. కానీ కౌంటరు దగ్గర నిలబడ్డ నిరక్షరాస్యుడికి ఏది తప్పనిసరో, ఏది కాదో విడదీసి చెప్పేవాళ్లుంటేనే ఆ స్వేచ్ఛకు అర్థముంటుంది.

ఆ తర్వాత ఈ-సంజీవని. ఉపకేంద్రంలో ఆరోగ్య సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, దూరంలో ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తారు. ఈ పద్ధతిని 2019 నవంబరులో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశే. దీనివల్ల బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి మిగులుతాయి. ఆ మేలును మేము తక్కువ చెయ్యడం లేదు.

అయితే రహస్యం ఎందరి చేతుల మీదుగా పోతుందో లెక్కపెట్టండి. ఫారం నింపేటప్పుడు అరుగు మీద కూర్చున్న పొరుగింటివాళ్లు, ఉపకేంద్రంలో వెనక వరసలో ఉన్నవాళ్లు, సిబ్బంది, అవతలి డాక్టరు, వివరాలు ఎక్కించేవాళ్లు, చివరికి ఫోను ఎవరిదైతే వాళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతమే. మిగతావాళ్ల ఓటీపీ, మెసేజి భర్తకో, కొడుక్కో, తెలిసినవాళ్లకో పోతాయి. సర్వరుకు ఎంత గట్టి తాళం వేసినా ఈ తలుపు తెరిచే ఉంటుంది.

సర్వరు తాళం కూడా గట్టిదేమీ కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి, ఆస్పత్రి రోజుల తరబడి చేతిరాతతో నడిచింది. దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో ఒకదాని పరిస్థితే అది.

చట్టాలు ఏమంటున్నాయి

దూరవైద్యానికి 2020 మార్చి 25న మార్గదర్శకాలు వచ్చాయి. రోగి తానే డాక్టరుకు ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్త కలిపితే మాత్రం రోగి స్పష్టంగా ఒప్పుకోవాలి, దాన్ని డాక్టరు నమోదు చెయ్యాలి. మన ఉపకేంద్రాల్లో జరిగేది రెండోరకమే. అంటే ‘సరేనా అమ్మా’ అనే మొక్కుబడి మాట చాలదు. అవే మార్గదర్శకాల్లో ఇంకో వాక్యముంది. సాంకేతిక లోపం వల్లనో, డాక్టరు కాని మరో మనిషి వల్లనో రహస్యం బయటపడిందనడానికి సరైన ఆధారముంటే డాక్టరు బాధ్యుడు కాడు. న్యాయమే. మరి బాధ్యులెవరు? గౌరవవేతనం మీద బతికే ఆశా కార్యకర్తా? ఆమే చాలాచోట్ల దళిత స్త్రీ.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా సేకరించేవాళ్ల ముఖ్య బాధ్యతలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఈ చట్టంలో మంచి లేకపోలేదు. సమ్మతి అడిగే నోటీసును తెలుగులో కోరే హక్కుంది. భద్రత చూడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది.

లోపాలు మాత్రం మన దగ్గరే తగులుతున్నాయి. 2019 నాటి బిల్లు ఆరోగ్య వివరాలనూ, కులం, తెగ వివరాలనూ ‘సున్నితమైన’ డేటాగా విడిగా గుర్తించింది. 2023 చట్టంలో ఆ విభజనే లేదు. షాపులో ఇచ్చిన ఫోన్ నంబరూ, టీబీ రిపోర్టూ, కులం గడీ ఒకే గాటన కట్టేశారు. జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది. పని పోగొట్టుకున్న మనిషికి నష్టపరిహారమిచ్చే ఏర్పాటు చట్టంలో లేదు. పైగా నష్టపరిహారానికి దారి చూపే ఐటీ చట్టంలోని 43ఎ సెక్షను తొలగింపు కూడా ఇందులోనే ఉంది. డిజిటల్ కాని కాగితం రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదు. ఫిర్యాదు వినే బోర్డేమో వీలైనంతవరకు డిజిటల్‌గానే పనిచెయ్యాలట. సొంత ఫోను లేక రహస్యం పోయిన మనిషి మళ్లీ ఫోనులోనే ఫిర్యాదు చేసుకోవాలన్నమాట!

ఇంతకంటే మెరుగైన చట్టం చెయ్యడం చేతకాక కాదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని సూటిగా నిషేధించింది. రికార్డులుంచే ప్రతి సంస్థా వాటిని కాపాడే ఏర్పాట్లు చెయ్యాలంది. పనిలో, ఇల్లు అద్దెకివ్వడంలో వివక్షను కూడా నేరుగా ప్రస్తావించింది. బాధితులు సంఘాలుగా కదిలి సాధించుకున్న చట్టమది. టీబీకీ, మూర్ఛకూ అలాంటి చట్టం లేదు.

ఏం అడగాలి

దూరవైద్యం వద్దనడం పరిష్కారం కాదు. కొన్ని సంగతులు ఇప్పుడే అడగొచ్చు. ప్రశ్నలు చాటుగా అడగాలి. ఉపకేంద్రంలో కనీసం ఒక తెర ఉండాలి. ఫోనుకు పంపే మెసేజిలో జబ్బు పేరు ఉండకూడదు. నోటీసు తెలుగులో చదివి వినిపించాలి. నంబరు వద్దన్నవాళ్లకు మందులు ఆపకూడదు. రికార్డు ఎవరెవరు తెరిచారో రోగి అడిగితే చూపించాలి. పీహెచ్‌సీలోనే నోటిమాటతో ఫిర్యాదు తీసుకోవాలి. తప్పు వ్యవస్థదైతే ఆశా కార్యకర్త మీదికి నెట్టకూడదు.

చట్టం దృష్టిలో పౌరుడంటే చదువొచ్చినవాడు, సొంత ఫోనున్నవాడు, తలుపు మూసుకునే గది ఉన్నవాడు. మాలపల్లెలో, మాదిగవాడలో ఒంటిగది ఇంట్లో ఉండే మనిషిని ముందు పెట్టుకుని నిబంధనలు రాస్తే అవి అందరికీ పనికొస్తాయి. ఇప్పుడున్న నిబంధనల్ని తిరగరాయాల్సింది ఆ వైపు నుంచే అని మేము భావిస్తున్నాము.