తలుపు దాటాక...

ఆలిస్, డొరతీల కథలు ఇసెకాయ్ కిందికి వస్తాయా? భిలాయ్ నుంచి చూస్తే జవాబు తిరుగు ప్రయాణంలో దొరుకుతుంది

అతను తుపాకుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఓ రోజు కార్మికుడితో గొడవ. తలపై గడ్డపలుగు దెబ్బ. కళ్లు తెరిస్తే ఆరో శతాబ్దపు ఇంగ్లండ్, ఆర్థర్ రాజు కాలం. సూర్యగ్రహణం ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన పుణ్యాన మరణశిక్ష తప్పించుకుని, ఆ రాజ్యానికే 'బాస్' అయిపోతాడు. ఇదేదో కొత్త జపాన్ యానిమే అనుకుంటే పొరపాటే. మార్క్ ట్వేన్ 1889లో రాసిన 'ఎ కనెక్టికట్ యాంకీ ఇన్ కింగ్ ఆర్థర్స్ కోర్ట్' ఇది.

ఇసెకాయ్ అంటే జపాన్ భాషలో 'మరో లోకం'. మామూలు కుర్రాడు ఏ లారీ కిందో పడి చనిపోతాడు. మంత్రాలు, రాక్షసులు ఉన్న లోకంలో మళ్లీ పుడతాడు. ఇక్కడ కొరగాని తెలివి అక్కడ అక్కరకొస్తుంది. 2024లో ఈ మాటను చేర్చుకున్న ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ దీన్ని జపాన్ సాహిత్య ప్రక్రియగానే చెప్పింది. అలాగైతే పాశ్చాత్య కథల గొడవే ఉండదు. కానీ పేరు ఎక్కడ పుట్టిందన్నది ఒకటి, కథ ఎలా నడుస్తుందన్నది మరొకటి.

1865 నాటి ఆలిస్ కుందేలు బొరియలో పడుతుంది, చివరకు నిద్ర లేస్తుంది. 1900లో ఓజ్ దేశానికి కొట్టుకుపోయిన డొరతీకి మొదటినుంచీ ఇంటి ధ్యాసే. వీళ్లకు మరో లోకం అంటే సెలవులకు వెళ్లిరావడం. ఇసెకాయ్ వీరుల్లో ఎక్కువమందికి అది వలస.

ఈ తేడా భిలాయ్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నెస్ ప్రారంభం. ఊళ్లూ పొలాలూ ఉన్నచోట అంకెల పేర్లతో సెక్టార్లు లేచాయి. సోవియట్ ఇంజనీర్లు వచ్చారు, పని ముగించుకుని వెళ్లిపోయారు. వాళ్లది ఆలిస్ కథ. (వాళ్ల దేశపు పిల్లలకు డొరతీ కన్నా ఎల్లీయే దగ్గర. ఓజ్ కథను 1939లో అలెగ్జాండర్ వోల్కోవ్ అనే గణిత ఉపాధ్యాయుడు రష్యన్‌లో తిరగరాసి ఆమెకు ఆ పేరు పెట్టాడు.) ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది మాత్రం ఉండిపోయారు. పిల్లలు బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగారు.

ఈ కొలబద్దతో చూస్తే పాత పుస్తకాలే కొత్తగా కనిపిస్తాయి. ఓజ్ వరుసలో ఆరోది 1910లో వచ్చింది. అందులో డొరతీ మామయ్య తాకట్టు అప్పు తీర్చలేక పొలం పోగొట్టుకునే స్థితికొస్తాడు. ఆమె మామయ్యనూ అత్తయ్యనూ ఓజ్‌కే తీసుకెళ్లి స్థిరపడిపోతుంది. పొలం పోయిన రైతు కుటుంబం చేసే పనే అది. 1950లో అల్మారా తలుపు గుండా మొదలైన నార్నియా కూడా అంతే. 1956 నాటి చివరి పుస్తకంలో ఆ పిల్లల్లో ముగ్గురు రైలు ప్రమాదంలో మరణించి ఆ లోకంలోనే మిగిలిపోతారు. లారీ బదులు రైలు! కాబట్టి మొదటి పుస్తకాలు ఇసెకాయ్ కావు, తర్వాతివి అవుతాయి.

మనకూ ఓ నమూనా ఉంది. 1977 నాటి 'యమగోల'లో ఎన్టీఆర్ చనిపోయి యమలోకం చేరి, యమభటులకు హక్కులు నూరిపోసి సమ్మె చేయిస్తాడు. లోకజ్ఞానంతో పరలోకాన్ని గడగడలాడించడంలో ఏ జపాన్ హీరోకూ తీసిపోడు. కానీ తిరిగొచ్చేస్తాడు. అక్కడే ఆలిస్ పక్షం చేరిపోయాడు.

ఉండిపోయినవాళ్లకు చిక్కు వేరే ఉంది. ఉద్యోగ విరమణ తర్వాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు 'సొంతూరు' అంటే ఏది? మూడు నాలుగు దశాబ్దాల కిందట వదిలొచ్చిన శ్రీకాకుళం పల్లెలో పలకరించేవాళ్లు తగ్గిపోయి ఉంటారు. పిల్లలు ఆ ఊరిని వేసవి సెలవుల్లో తప్ప చూసి ఉండరు.

ఆలిస్‌కు ఈ సమస్య లేదు. ట్వేన్ కథానాయకుడికి ఉంది. మాంత్రికుడు మెర్లిన్ పదమూడు శతాబ్దాలు నిద్రపుచ్చితే, అతను తిరిగి తన కాలంలోనే కళ్లు తెరుస్తాడు. సొంత కాలం, సొంత భాష. మరణశయ్య మీద మాత్రం ఆరో శతాబ్దంలో వదిలొచ్చిన భార్య శాండీనీ, కూతురినీ పలవరిస్తూ ప్రాణం విడుస్తాడు.