కారుకు బుల్ బార్ బిగిస్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

ఉదయం ఆఫీసు వేళకు నానక్‌రామ్‌గూడ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే కారు వెనుక కారు, సందులో బైకు. కొత్త బంపర్‌కు గీత పడటానికి ఎన్నో రోజులు పట్టదు. అందుకే చాలామంది డెలివరీ తీసుకోగానే ముందువైపు ఉక్కు గార్డు బిగించేస్తారు. అయితే గీతల నుంచి కాపాడే ఆ గార్డే, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ప్రాణం మీదకు తేవచ్చు.

ఇబ్బంది ఎక్కడ?

ఢీకొన్నప్పుడు నలిగిపోయేలానే కారు ముందుభాగాన్ని తయారుచేస్తారు. అది నలుగుతూ తాకిడిని తనలో ఇముడ్చుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో ఆ తాకిడి తీరును బట్టే సెన్సార్లు నిర్ణయిస్తాయి. ఛాసిస్‌కు బిగించిన ఉక్కు గార్డు ఈ లెక్కను మార్చేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఆలస్యం కావచ్చు, అవసరం లేనప్పుడు తెరుచుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. అక్కడ రెప్పపాటు తేడా కూడా పెద్దదే. ఇక రోడ్డు దాటే మనిషికి తగిలితే ప్లాస్టిక్ బంపర్ కాస్తయినా లొంగుతుంది. ఉక్కు లొంగదు.

చట్టం ఏమంటోంది?

బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52కు విరుద్ధమని, వాటిపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఏదైనా బిగించే ముందు..

• మీ మోడల్‌కు కార్ల కంపెనీయే అమ్మే యాక్సెసరీ ఉందేమో మొదట చూడండి. గీతలే మీ బెంగైతే అంటించే రబ్బరు బంపర్ గార్డులు, పార్కింగ్ సెన్సార్లు చాలు.

• నంబర్ ప్లేటు, లైట్లు, ఇండికేటర్లు, సెన్సార్లు, కెమెరాలకు ఏదీ అడ్డు రాకూడదు.

• రూఫ్ క్యారియర్ పెడితే పైకప్పు ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో చూడండి. క్యారియర్ బరువునూ అందులో లెక్కేయండి.

• డోర్ వైజర్లు అంటించే చోట దుమ్ము, మైనం లేకుండా శుభ్రం చేయించండి. టేపు పట్టు బిగిసేలా కనీసం ఒక రోజు కారు కడగొద్దు. పట్టు సరిగా లేకపోతే ఔటర్‌పై ఊడి వెనుక వచ్చే బైకు మీద పడొచ్చు.

• వైర్లు కోసి కలిపే లైట్లు వద్దు. వారంటీ క్లెయిమ్ అప్పుడు చిక్కు రావచ్చు.

• బిల్లు దాచుకోండి. బీమా కంపెనీకి యాక్సెసరీ వివరాలు ముందే చెప్పండి. చెప్పకపోతే అది పాడైనా పరిహారం అందకపోవచ్చు.

ఇప్పటికే గార్డు ఉంటే?

తీయించేయండి. తీశాక బంపర్ క్లిప్పులు, బోల్టులు సరిగా ఉన్నాయో సర్వీస్ సెంటర్‌లో చూపించండి. బంపర్‌పై గీత పడితే రంగు వేయించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోతే దిద్దుకునే అవకాశం ఉండదు.