వేరుశనగ వేరుకు కాస్తుందా?

సోమందేపల్లె: "అయ్యవారూ, చెనిక్కాయ వేరుకు కాస్తుందా, కొమ్మకు కాస్తుందా?" ఐదో తరగతి పిల్లవాడు ఇలా అడిగితే ఎంతటి ఉపాధ్యాయుడైనా కాసేపు తడుముకోవలసిందే. పేరే వేరుశనగ ఆయె! పుస్తకంలో జవాబు దొరకదు. "కూర్చోరా" అని కసిరితే ఆ ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది.

ఆ కసురు వెనుక ఉన్నది కోపం కాదు, జంకు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు తెలుగు, లెక్కలు, సైన్సు అన్నీ తానే చెప్పాలి. తాను చదువుకున్న రోజుల్లో ఒక్క ప్రయోగమైనా తన చేత్తో చేయనివారు వారిలో ఎందరో ఉన్నారు. పిల్లల ముందు ప్రయోగం తప్పితే పరువేం కావాలి? సామాను పగిలితే ఎవరు లెక్క చెప్పాలి? 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద దేశమంతటా ప్రాథమిక పాఠశాలలకు సైన్సు పెట్టెలు ఇచ్చారు. ఎన్నో చోట్ల అవి తాళం వేసిన బీరువాల్లోనే ఉండిపోయాయి. పెట్టె వచ్చింది గాని ధైర్యం రాలేదు.

చేసి చూస్తేనే ధైర్యం

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో కొత్త పద్ధతి మొదలైంది. పిల్లలు చేయవలసిన ప్రయోగాలను ముందుగా ఉపాధ్యాయులే శిక్షణలో కూర్చుని చేసేవారు. తరువాత కూడా అప్పుడప్పుడు కలుసుకుని, బడిలో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు. ఆ కార్యక్రమం 2002 వరకు నడిచింది.

మన రాష్ట్రంలోనూ బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1989 నుంచి 1996 వరకు ప్రాథమిక విద్యా పథకం నడిచింది. చేస్తూ నేర్చుకోవడం, చుట్టూ ఉన్న వస్తువులతోనే పాఠం చెప్పడం అందులో ముఖ్య సూత్రాలు. ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు కలుసుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. అయితే గోడలకు బొమ్మలు తగిలించినంత తేలికగా పిల్లల చేత ప్రయోగం చేయించడం కుదరలేదు. ఒకసారి శిక్షణ ఇచ్చి వదిలేస్తే జంకు పోదు. పక్కన మరో ఉపాధ్యాయుడి తోడు ఉండాలి.

పైసా ఖర్చు లేని ప్రయోగం

సోమందేపల్లె చుట్టుపక్కల ఎర్రనేలల్లో ప్రయోగశాల పొలంలోనే ఉంది. వేరుశనగ విత్తిన సుమారు నెలకు పసుపు పూత వస్తుంది. ఉదయం విచ్చిన పూవు ఆ రోజే వాడిపోతుంది కనుక పిల్లలు పొద్దున్నే వెళ్లి, పది పూల దగ్గర కొమ్మ కణుపుకు వదులుగా రంగుదారం కట్టాలి. వారం పది రోజుల్లో ఆ చోట సూదిలాంటి ఊడ బయలుదేరి నేలవైపు వంగుతుంది. కొన్ని ఊడలను మట్టిలోకి దిగనిచ్చి, ఒకటి రెండింటి కింద పెంకు ముక్క పెట్టాలి. మూడు వారాల తరువాత మెల్లగా మట్టి తీసి చూస్తే, నేలలో దిగిన ఊడ కొన ఉబ్బి కాయ అవుతుంటుంది. పెంకు మీద ఆగిన ఊడకు కాయ ఉండదు. కాయ పుట్టింది వేరుకు కాదు, పూవుకే అని పిల్లవాడు తన కళ్లతో తెలుసుకుంటాడు.

పది దారాలకు పది ఊడలు రావు. కొన్ని పూలు ఊరకే రాలిపోతాయి. అంతమాత్రాన ప్రయోగం తప్పినట్టు కాదు. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి రాలేదు అని పలక మీద రాసి, ఎందుకై ఉంటుందని మాట్లాడుకుంటే అదే సైన్సు. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడికి పరువు భయం సగం తగ్గుతుంది.

రైతు కూడా అయ్యవారే

మిగిలిన సగం ఊరి చేతిలో ఉంది. నేల గట్టిపడితే ఊడ దిగదని, ఊడలు దిగాక మట్టి కదపరాదని, గింజ నిండడానికి జిప్సం వేయాలని రైతుకు తెలుసు. ఉపాధ్యాయుడు రైతును పిలిచి పిల్లలకు చెప్పించవచ్చు. అందులో చిన్నతనం లేదు.

బడివేళ పిల్లలు చేనిగట్టున కనిపిస్తే "చదువు మాని ఆటలాడిస్తున్నారు" అనే మాట ఊళ్లో తేలికగా పుడుతుంది. ఆ ఒక్క మాటతో అయ్యవారు మళ్లీ నాలుగు గోడల మధ్యకు వెళ్లిపోతాడు. దానికి బదులు బడి దగ్గర చేను ఉన్న రైతు ఒక సాలు పిల్లలకు వదిలిపెడితే చాలు. "నాకూ తెలియదు, చూద్దాం పదండి" అని అయ్యవారు నలుగురి ముందు అనగలిగిన రోజున బీరువా తాళం కూడా తెరుచుకుంటుంది.