వార్తల్లో పదం: ఐసోటోపు ముద్ర

హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీది గాలి కాలుష్యం గురించిన వార్తల్లో కనిపించే మాట ఇది. ఒకే మూలకపు పరమాణువుల్లో బరువు తేడా ఉన్న రకాలే ఐసోటోపులు. ఒక పదార్థంలో వాటిలో బరువైనవెన్ని, తేలికైనవెన్ని అన్న నిష్పత్తే దాని ఐసోటోపు ముద్ర.

నైట్రోజన్‌లో 99.6 శాతం నైట్రోజన్-14. మిగిలిన కొద్దిపాటిది కాస్త బరువైన నైట్రోజన్-15. బొగ్గు పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లలో ఈ బరువైన రకం సాధారణంగా ఎక్కువ, నేలలోని సూక్ష్మజీవులు వదిలేవాటిలో బాగా తక్కువ. వాహనాల పొగ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. ఆ ఆక్సైడ్లే గాలిలో నైట్రేట్‌గా మారతాయి. కొండల మీద ఫిల్టర్లతో పట్టిన ధూళిలోని నైట్రేట్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరంతో కొలిచి, అది ఎలాంటి మూలం నుంచి వచ్చిందో అంచనా వేస్తారు. నైట్రేట్‌లోని ఆక్సిజన్-17 మరో విలువైన ఆధారం. ఓజోన్ నుంచి వచ్చిన ఆక్సిజన్‌లో అది అసాధారణంగా ఎక్కువ కాబట్టి, నైట్రేట్ ఏ రసాయన దారిలో తయారైందో పట్టిస్తుంది.

చిక్కు ఒకటుంది. వేర్వేరు మూలాల ముద్రలు కలగలుస్తాయి, దారిలో కొంత మారతాయి కూడా. అందుకే గాలి వీచిన దిశలనూ జోడించి లెక్కగడతారు.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, సింధు, బ్రహ్మపుత్రలు పుట్టేది ఈ హిమాలయ, టిబెట్ ప్రాంతంలోనే. గాలిలోని నైట్రేట్ మంచు మీద, సరస్సుల్లో, పచ్చికబయళ్లలో దిగి అక్కడి జీవజాలం సమతూకాన్ని మారుస్తుంది. వార్తలో ‘ఇంత శాతం ఫలానా పొగదే’ అని కనిపిస్తే, పక్కనే ఇచ్చిన హెచ్చుతగ్గుల హద్దునూ చదవండి.