అద్దె స్కూటరు – ఆదాయ వ్యయాలు

ఒకప్పుడు మన పట్టణాలలో వీధి మలుపున ఒక అద్దె సైకిళ్ళ దుకాణం తప్పక కనిపించేది. దుకాణదారు సైకిలు తీసుకొన్నవాని పేరు, వేళ పుస్తకంలో వ్రాసుకొనేవాడు. తిరిగి తెచ్చినప్పుడు చక్రం వంగిందా, గొలుసు సాగిందా అని పరీక్షించి గాని డబ్బు తీసుకొనేవాడు కాదు. ముఖం తెలియనివానికి సైకిలే ఇచ్చేవాడు కాదు. నేడు నగరాలలో వెలసిన విద్యుత్ స్కూటర్ల అద్దె వ్యాపారం ఆ దుకాణానికి మనుమని వంటిది. అయితే ఇందులో దుకాణదారు లేడు. అతడు చేసిన పనికి వెల ఎంత అన్నదే ఈ వ్యాపారంలోని అసలు లెక్క.

2017లో అమెరికాలోని సాంటా మోనికాలో బర్డ్ అనే సంస్థ నిలబడి నడిపే చిన్న స్కూటర్లను వీధులలో ఉంచింది. చేతిఫోనుతో తాళం తీయడానికి ఒక డాలరు, ఆపైన నిమిషానికి 15 సెంట్లు; పని ముగిసినచోట వదలిపోవచ్చు. జనం ఎగబడ్డారు, మదుపుదారులు కోట్ల డాలర్లు కుమ్మరించారు. ఆ సంస్థే 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. గిరాకీ ఉన్నచోట లాభం ఉండి తీరుతుందని నమ్మే వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దీనిని గమనించవలెను.

తొలినాళ్ళలో వాడినవి ఇంటి అవసరానికి తయారైన సున్నితమైన బండ్లు. వానకు తడిసి, ఎండకు మాడి, పదిమంది చేతులలో పడి అవి త్వరగానే మూలపడ్డాయి. ఒక ఊహాలెక్క వేసి చూద్దాము. బండి వెల 40,000 రూపాయలు, రోజుకు 5 సవారీలు అనుకొందాము. బండి 100 రోజులు మన్నితే సవారీకి 80 రూపాయలు బండి వెలకే సరిపోతాయి. 1,000 రోజులు మన్నితే 8 రూపాయలే. మరమ్మతులు, జీతాలు, విద్యుత్తు ఇంకా లెక్కలోకి రానే లేదు.

ఛార్జింగు మరొక చిక్కు. ఎక్కడెక్కడో వదలిన బండ్లను రాత్రివేళ వ్యానులలో ఏరుకొనిపోయి, తెల్లవారేసరికి మరల తెచ్చి పెట్టవలసి వచ్చేది. 2019లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క కట్టగా, ఈ బండ్ల వలన వెలువడే బొగ్గుపులుసు వాయువు భారంలో సుమారు సగం తయారీ నుండి, 43 శాతం ఈ ఏరివేత నుండి వస్తున్నట్లు తేలింది. ఛార్జింగుకు పట్టే విద్యుత్తు వాటా స్వల్పమే. బండిని కదల్చక బ్యాటరీని మాత్రమే మార్చే ఏర్పాటు వచ్చిన తరువాత ఈ ఖర్చు, ఈ భారము రెండూ తగ్గే మార్గం ఏర్పడింది.

ఇక కాలిబాట సంగతి. పారిస్ నగరంలో 2023 ఏప్రిల్ 2న ప్రజాభిప్రాయం కోరగా, ఓటుకు వచ్చినవారు నూటికి ఎనిమిది మందికి లోపే. వారిలో సుమారు 89 శాతం ఈ స్కూటర్లు వద్దన్నారు. ఆగస్టు ముగిసేసరికి దాదాపు 15,000 బండ్లు ఆ వీధుల నుండి తొలగిపోయాయి. పాత సైకిళ్ళ దుకాణానికి అద్దె కట్టిన జాగా ఉండేది. వీరికి దారిన పోయేవారి ఓర్పే జాగా. కాలిబాటే కరవైన మన నగరాలలో ఆ ఓర్పు ఎంతకాలం నిలుస్తుంది?

మన దేశంలో ఈ వ్యాపారం కొంత భిన్నమైన దారి పట్టింది. 2017లో బెంగుళూరులో ఆరంభమైన యులు సంస్థ తొలుత తొక్కే సైకిళ్ళతో మొదలుపెట్టి, తరువాత గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో పోయే, లైసెన్సు అక్కరలేని విద్యుత్ బండ్లకు వచ్చింది. ఆహారం, కిరాణా సరకులు ఇంటింటికి చేర్చే యువకులు ఇట్టి బండ్లకు నేడు ముఖ్యమైన ఖాతాదారులు. వీరు బండిని ఒక్క సవారీకి గాక రోజుల తరబడి తీసుకొంటారు. బండి తెలిసిన మనిషి చేతిలో ఉంటుంది, రోజంతా తిరుగుతుంది. ఆ పాత పుస్తకంలోని పేరు మరల కనిపించినట్లే గదా!

చదువుకుంటూ సాయంకాలం ఇట్టి పనికి పోదలచిన విద్యార్థులకు ఒక మాట. బండి దారిలో ఆగితే ఆనాటి సంపాదన ఆగుతుంది. కనుక రోజు కిరాయితోపాటు, ఆగిన బండికి బదులు మరొకటి ఎంతసేపటిలో ఇస్తారో, ఆ వేళకు అద్దె తగ్గిస్తారో లేదో ముందుగానే అడిగి తెలిసికొనుట మంచిది.