ఆర్ సాఫ్ట్‌వేరులో పాత అమరిక తొలగింపు – క్షేత్ర ప్రయోగ దత్తాంశాలు

క్షేత్ర ప్రయోగాల విశ్లేషణకు విస్తృతంగా వాడే ఆర్ సాఫ్ట్‌వేరులో, అక్షరాలున్న ప్రతి నిలువు వరుసను చదివేటప్పుడే ఫ్యాక్టరుగా, అనగా వర్గ చలరాశిగా, మార్చివేసే అమరిక చిరకాలం కొనసాగింది. వంగడాల పేర్లకు ఇది అనుకూలమే. చిక్కంతా దిగుబడి వరుసలో వచ్చేది. ఒక్క మడి ఎదుట "నమోదు కాలేదు" అని రాసి ఉన్నా వరుస మొత్తం వర్గాలుగా మారేది. దానిని తిరిగి సంఖ్యలుగా మార్చబోతే, ఉదాహరణకు 5,420 కిలోల స్థానంలో ఆ వర్గపు క్రమసంఖ్య 3 లేదా 7 చేతికి వచ్చేది. హెచ్చరిక ఏదీ ఉండదు. విశ్లేషణ పట్టిక సక్రమంగా ఉన్నట్లే కనిపిస్తుంది. పైగా వర్గాల క్రమం కంప్యూటరులోని భాషా అమరికను బట్టి మారేది.

2020 ఏప్రిల్‌లో విడుదలైన 4.0.0 వెర్షన్‌లో నిర్వాహకులు ఈ డిఫాల్ట్‌ను మార్చారు. పాత పద్ధతిని పూర్తిగా పెకలించలేదు. కావలసినవారు ఆదేశంలోనే స్పష్టంగా కోరవచ్చును. ఇప్పుడు అదే పొరపాటు జరిగితే ఆ ఒక్క మడి విలువ లోపించినట్లు హెచ్చరికతో సహా చూపుతుంది.

భారం పాత ప్రోగ్రాములపై పడింది. వర్గాల జాబితాను అడిగే పంక్తులకు శూన్యమే సమాధానం. ఏళ్ల తరబడి సాగే ఎరువుల ప్రయోగాలకు ఆనాటి ప్రోగ్రామునే వాడేవారు వంగడం, బ్లాకు వరుసలను వర్గాలుగా ప్రకటించుకోవాలి. బ్లాకులకు 1, 2, 3, 4 అని అంకెలిచ్చిన చోట పాత అమరిక కూడా ఎన్నడూ ఆదుకోలేదు. ప్రకటన మరచితే బ్లాకులకు 3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు బదులు 1 మాత్రమే పట్టికలో కనిపిస్తుంది.